కచేరీ డిస్క్‌ల నుంచి పాట మాత్రమే తీసుకోవాలంటే ఏ దారి మంచిది?

మా అక్క కడపలో ముప్పై ఏళ్లు ఇంట్లోనే పిల్లలకు సంగీతం చెప్పింది. ఏటా వైశాఖ పౌర్ణమికి అన్నమయ్య జయంతి, పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన చేయించేది. ఆ కార్యక్రమాలను వీడియో తీసినవాళ్లు మొదట్లో వీసీడీలు, తర్వాత డీవీడీలు ఇచ్చారు. వాటికి తోడు తిరుపతికో చెన్నైకో వెళ్లినప్పుడల్లా అక్క కొనుక్కొచ్చిన పెద్ద విద్వాంసుల కచేరీ డీవీడీలు ఉన్నాయి. అన్నీ కలిపితే 64 డిస్క్‌లు. వాటిని ఆడించే ప్లేయర్ పాడైపోయి చాలా కాలమైంది. ఈ మధ్య అక్కకు చూపు బాగా తగ్గింది. "నాకు బొమ్మ వద్దురా, పాట వినిపిస్తే చాలు" అంది.

ఆ పని నేను తీసుకున్నాను. నాలుగు నెలలు పట్టింది. దొరికిన దారులన్నీ ప్రయత్నించాను, కొన్ని డిస్క్‌లకు చేసిన పనే మళ్లీ చేయాల్సి వచ్చింది. మీ ఇంట్లోనూ ఇలాంటి డిస్క్‌లు ఉంటే ఏ దారి పట్టాలో తేల్చుకోవడానికి నా అనుభవం ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందు డిస్క్‌లో ఏముందో చూడండి

ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని అందరూ అడుగుతారు. దానికంటే ముందు తెలుసుకోవాల్సింది, డిస్క్‌లో ధ్వని ఏ రూపంలో ఉంది అన్నది. సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

కంప్యూటర్లో డిస్క్ తెరిచినప్పుడు ఎంపెగ్‌ఏవీ (MPEGAV) అనే ఫోల్డరు, అందులో డాట్ (.DAT) ఫైళ్లు కనిపిస్తే అది వీసీడీ. వీసీడీలో ధ్వని ఎప్పుడూ ఒకే రకం: ఎంపీ2 (ఎంపీ3 లాంటి కుదించిన రూపం), సెకనుకు 224 కిలోబిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలిచారన్న లెక్క). అంతకంటే మంచి ట్రాక్ ఎక్కడో దాగి ఉంటుందని వెతకనక్కర్లేదు. గంట కచేరీకి ధ్వని సుమారు 100 ఎంబీ వస్తుంది.

వీడియో టీఎస్ (VIDEO_TS) అనే ఫోల్డరు, అందులో వీఓబీ (.VOB) ఫైళ్లు ఉంటే అది డీవీడీ. ఇక్కడే జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే ఒకే డీవీడీలో రెండు మూడు ఆడియో ట్రాక్‌లు ఉండవచ్చు. పీసీఎం అంటే ఏ కుదింపూ లేని ధ్వని. స్టీరియో, 16 బిట్, 48 కిలోహెర్ట్జ్ అయితే సెకనుకు 1536 కిలోబిట్లు. ఆడియో సీడీ 1411 దగ్గర ఉంటుంది కాబట్టి ఇది దానికి ఏమాత్రం తీసిపోదు. డాల్బీ డిజిటల్, అంటే ఏసీ3, కుదించిన ధ్వని. రెండు ఛానళ్లయితే తరచుగా 192 లేదా 256, 5.1 (ఆరు ఛానళ్ల ధ్వని) అయితే 384 లేదా 448 కిలోబిట్లు ఉంటుంది. డీటీఎస్ కూడా కుదించిందే గానీ దానికి ఎక్కువ చోటు ఇస్తారు, 768 లేదా దాదాపు 1500 కిలోబిట్లు. ఊళ్లో వీడియో మిక్సింగ్ చేసి ఇచ్చిన డీవీడీలు మా దగ్గరున్నంతలో అన్నీ ఏసీ3 లేదా ఎంపీ2. కొన్నవాటిలో కొన్నింటికి పీసీఎం ట్రాక్ ఉంది. అది దొరికిన రోజు నాకు పండుగే.

ఇది చూడటానికి కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లో డిస్క్ పెట్టి పాట మొదలయ్యాక టూల్స్ మెనూలో కోడెక్ ఇన్ఫర్మేషన్ తెరవండి. ఆడియో మెనూలో ట్రాక్‌లు ఒక్కొక్కటీ మార్చి విని, పక్కన కాగితం మీద రాసుకోండి. డిస్క్‌కు రెండు నిమిషాలు. ఆ కాగితం లేకుండా మొదలుపెట్టడం వల్లే నేను పదకొండు డిస్క్‌లు మళ్లీ చేయాల్సి వచ్చింది.

ఉన్నదున్నట్టు తీయడం, మార్చి తీయడం

ధ్వనిని తీసే దారులు పైకి పది కనిపించినా అసలు తేడా ఒక్కటే. డిస్క్‌లో ఉన్న ధ్వనిని ఒక్క బిట్ కూడా మార్చకుండా బయటికి తెస్తున్నామా, లేక దాన్ని విప్పి మరో రూపంలో మళ్లీ రాస్తున్నామా?

ఉన్నదున్నట్టు తీయడమే నా మొదటి ఎంపిక. కారణం సులభం. ఏసీ3, ఎంపీ2 ఒకసారి పిండేసినవి. వాటిని విప్పి ఎంపీ3గా రాస్తే రెండోసారి పిండినట్టు. తంబురా శ్రుతి వెనక సన్నగా వినిపించే ఝంకారం, వయొలిన్ కమాను తీగ మీద రాసుకునే చప్పుడు ముందుగా పోయేవి అవే. అక్క చెవికి ఆ తేడా వెంటనే తెలిసిపోయింది. నాకు హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాక తెలిసింది.

దీనికి నేను వాడింది మేక్‌ఎంకేవీ, ఎంకేవీటూల్‌నిక్స్ అనే రెండు ప్రోగ్రాములు. డీవీడీలకు రెండూ ఉచితంగానే వాడుకోవచ్చు. మొదటిది డిస్క్‌ను చదివి, అందులోని టైటిళ్లను, వాటి ఆడియో ట్రాక్‌లను వరుసగా చూపిస్తుంది. కావాల్సింది ఎంచుకుంటే ఒకే ఫైలుగా దించుతుంది. రెండోదానిలో ఆ ఫైలు పెట్టి వీడియో పక్కన టిక్ తీసేస్తే ఆడియో మాత్రమే మిగులుతుంది. చాప్టర్ల దగ్గర ముక్కలు చేయమనే ఆప్షన్ కూడా అందులోనే ఉంది. కొన్న డీవీడీల్లో ప్రతి కీర్తనకూ ఒక చాప్టర్ ఉంటుంది కాబట్టి పాటలు వాటంతటవే విడిపోతాయి. మొదటిసారి ఇది చూసినప్పుడు నాకు ఎంత పని తప్పిందో మాటల్లో చెప్పలేను.

టైపు చేసి ఆదేశాలు ఇవ్వడం అలవాటున్నవాళ్లకు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అన్నిటికంటే చురుకైన దారి. వీడియో వద్దు, ఆడియో కోడెక్ కాపీ అని చెబితే గంట కచేరీ నిమిషంలోపే వచ్చేస్తుంది. వీసీడీ డాట్ ఫైళ్లకు నేను దీన్నే వాడాను. వీఓబీ ఫైళ్లను మాత్రం ఒక్కొక్కటిగా దీనికి అప్పగించకండి. డీవీడీలో ఒక్కో వీఓబీ ఒక జీబీ దాటకూడదు కాబట్టి కచేరీని ఎక్కడంటే అక్కడ కోసి పెడతారు, ఆలాపన మధ్యలోనైనా సరే. ఏ ముక్క తర్వాత ఏది అన్న లెక్క ఐఎఫ్ఓ ఫైళ్లలో ఉంటుంది. ఆ లెక్కను చదివే ప్రోగ్రాముతో ముందు ఒకే ఫైలుగా దించుకుని, ఆ తర్వాతే మిగతా పని.

వీఎల్‌సీలోని కన్వర్ట్ ఆప్షన్ ఒకటి రెండు పాటలు కావాల్సినవాళ్లకు సరిపోతుంది. కానీ అందులో ఎంపీ3 ప్రొఫైల్‌ను మార్చకుండా వదిలేస్తే 128 కిలోబిట్లకు దించేస్తుంది. కచేరీకి అది చాలదు. కనీసం 256 పెట్టండి. హ్యాండ్‌బ్రేక్ వీడియో కోసం చేసినది, ఈ పనికి దాని జోలికి వెళ్లక్కర్లేదు.

పీసీఎం ట్రాక్ ఉన్న డిస్క్‌ల సంగతి వేరు. అక్కడ మార్చి తీయడమే మేలు, అదీ ఫ్లాక్ రూపంలోకి. ఫ్లాక్ కుదిస్తుంది గానీ ఏదీ పారేయదు. విప్పితే మొదటి ధ్వని అక్షరాలా తిరిగి వస్తుంది. రెండు గంటల కచేరీ పీసీఎంగా దాదాపు 1.4 జీబీ ఉంటే, ఫ్లాక్‌లో ఇంచుమించు సగానికి దిగుతుంది. ఏసీ3ను ఫ్లాక్‌గా మార్చితే మాత్రం ధ్వని మెరుగవదు, ఫైలు పెద్దదవుతుంది, అంతే. ఫ్లాక్ అని ఉంటే చాలు గొప్ప క్వాలిటీ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

5.1 దగ్గర గాయకుడి గొంతు పోగొట్టుకోవద్దు

నేను చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే. ఒక కచేరీ డీవీడీలో 5.1 డాల్బీ ట్రాక్, స్టీరియో ట్రాక్ రెండూ ఉన్నాయి. 5.1 అంటే ఎక్కువ కదా అని దాన్నే తీశాను. తర్వాత ఒక ఉచిత ప్రోగ్రాముతో స్టీరియోగా మార్చాను. వింటే మృదంగం ఉంది, వయొలిన్ ఉంది, చప్పట్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. పాడుతున్న గొంతు మాత్రం ఎక్కడో దూరాన బావిలోంచి వస్తున్నట్టుంది. అక్క రెండు నిమిషాలు విని, "ఈయన గొంతుకేమైందిరా?" అంది.

జరిగింది ఇది. 5.1లో ముందు ఎడమ, ముందు కుడి, మధ్య, వెనక రెండు, లోతు శబ్దాలకు ఒకటి, ఇలా ఆరు ఛానళ్లు. పాడేవారి గొంతును తరచుగా మధ్య ఛానల్లో పెడతారు. స్టీరియో చేసేటప్పుడు ఆ మధ్య ఛానల్‌ను ఎడమకూ కుడికీ పంచి కలపాలి. నేను వాడిన ప్రోగ్రాము ముందున్న రెండు ఛానళ్లను మాత్రమే ఉంచి మిగతావి వదిలేసింది. వినిపించిన ఆ కాస్త గొంతు వేదిక మీది మిగతా మైకుల్లోకి పడినది.

అందుకే నా సలహా ఇది. ఇంట్లో ఆరు స్పీకర్ల హోమ్ థియేటర్ ఉండి, దాని మీదే వినేవాళ్లు 5.1ను ఉన్నదున్నట్టు తీసుకోండి. ఫోన్లో, కారులో, రెండు స్పీకర్ల మీద వినేవాళ్లు డిస్క్‌లో ఉన్న స్టీరియో ట్రాక్ తీసుకోండి. దాన్ని ఆ కచేరీ మిక్సింగ్ చేసిన ఇంజనీరు చెవితో విని తూచి కలిపి ఉంటాడు. మన ప్రోగ్రాము లెక్క ప్రకారం కలిపేదానికంటే అది నయం. 5.1 తప్ప మరోటి లేకపోతే మార్చాక ఒక పాట మొదట్లో, తని ఆవర్తనంలో (మృదంగం ఒంటరిగా మోగే చోట), ఆఖరి మంగళంలో, మూడు చోట్ల విని గొంతుకూ మృదంగానికీ పొంతన చూసుకోండి.

ఏసీ3తో మరో చిక్కు ఉంది, దీన్ని చాలామంది గమనించరు. రాత్రిపూట టీవీ చూసేవాళ్లకు పెద్ద శబ్దాలు ఇబ్బంది పెట్టకుండా, పెద్దవాటిని తగ్గించి చిన్నవాటిని పెంచే సూచనలు ఆ ట్రాక్‌లోనే రాసి ఉంటాయి. విప్పే ప్రోగ్రాము వాటిని పాటిస్తే ఆలాపనలో సన్నగా మొదలైన స్వరం, తని ఆవర్తనం చివర్లో తీర్మానం (ముగింపు దరువు) ఇంచుమించు ఒకే ఎత్తులో వినిపిస్తాయి. మెల్లగా మొదలై ఎక్కడికో తీసుకెళ్లడమే కచేరీకి ప్రాణం. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో దీన్ని ఆపే డీఆర్‌సీ స్కేల్ అనే ఆప్షన్ ఉంది, దాన్ని సున్నాకు పెట్టాలి. ఏసీ3ను విప్పకుండా అలాగే దాచుకుంటే ఈ నిర్ణయం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఉన్నదున్నట్టు తీయమని నేను పట్టుబట్టడానికి ఇది ఇంకో కారణం.

ప్లేయర్ నుంచి రికార్డు చేయడం, షాపులో ఇవ్వడం

డీవీడీ ప్లేయర్ ఎరుపు, తెలుపు తీగలను కంప్యూటర్‌కు కలిపి ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాములో రికార్డు చేయడం పాత దారి. దీన్ని చివరికి ఉంచండి. రెండు గంటల కచేరీకి రెండు గంటలూ కూర్చోవాలి. పైగా ఈ కాలం ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఉన్న ఒక్క రంధ్రం మైకు కోసం, అది మోనో మాత్రమే తీసుకుంటుంది. లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్‌కార్డు విడిగా కొనాలి. ఛార్జర్ పెట్టి ఉంటే కొన్నిసార్లు సన్నని గుంయ్‌మనే శబ్దం చేరుతుంది, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపితే అది పోతుంది. ఇన్ని ఉన్నా మాకు మూడు డిస్క్‌లకు ఇదే దిక్కయింది. కంప్యూటర్ డ్రైవ్ చదవలేనన్న ఆ డిస్క్‌లను పక్కింటివాళ్ల పాత ప్లేయర్ మొరాయించకుండా ఆడింది. రికార్డు చేసేటప్పుడు మీటరు ఎరుపును తాకకుండా కొంచెం తగ్గించే పెట్టండి. పగిలిన శబ్దాన్ని తర్వాత బాగుచేయలేం.

కంప్యూటర్లో ఆడుతున్న ధ్వనిని అక్కడే పట్టుకునే దారి కూడా ఉంది. విండోస్‌లో ఆడాసిటీకి వాసాపి లూప్‌బ్యాక్ ఎంచుకుంటే తీగలు అక్కర్లేదు. కానీ మధ్యలో వాట్సాప్ టింగుమంటే అది కూడా కచేరీలో చేరిపోతుంది. నెట్ ఆపేసి చేయండి.

షాపులో ఇవ్వడం గురించి. కంప్యూటర్ అలవాటు లేనివాళ్లకు, ఐదారు డిస్క్‌లే ఉన్నవాళ్లకు ఇది తప్పు కాదు. నేను మొదట ఎనిమిది డిస్క్‌లు ఒక షాపులో ఇచ్చాను. అన్నీ 128 కిలోబిట్ల ఎంపీ3లుగా, ఒక్కో డిస్క్‌కు ఒకే పెద్ద ఫైలుగా, ఒకటీ రెండూ అని పేర్లు పెట్టి ఇచ్చారు. వాళ్లను తప్పుపట్టలేను, నేను ఏమీ చెప్పలేదు. మీరు ఇస్తే మూడు మాటలు చెప్పండి: స్టీరియో ట్రాక్ ఏదో చూసి తీయండి, పీసీఎం ఉంటే ఫ్లాక్ ఇవ్వండి, ఏసీ3 ఉంటే మార్చకుండా ఇవ్వండి. ఆ మాటలు వాళ్లకు అర్థం కాకపోతే డిస్క్‌లు తిరిగి తెచ్చేసుకోండి.

దాచుకునేది ఒకటి, వినేది ఒకటి

ఇంట్లో హార్డ్‌డిస్క్ మీద అసలు ప్రతి ఉంచి, ఫోన్‌కూ పెన్‌డ్రైవ్‌కూ వేరే ప్రతి చేయడం నాకు కుదిరింది. ఏసీ3 ఫైలును కొన్ని ఫోన్లలోని మామూలు ప్లేయర్ ఆడించదు. వీఎల్‌సీ వేస్తే ఆడుతుంది. కారు స్టీరియోకు మాత్రం ఎంపీ3 తప్ప నమ్మకం లేదు. 320 కిలోబిట్ల ఎంపీ3 రెండు గంటలకు 288 ఎంబీ అవుతుంది. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో వంద కచేరీలు పడతాయి. అక్క రోజూ వినేది ఆ పెన్‌డ్రైవే, అసలు ప్రతి జోలికి ఎవరూ వెళ్లరు. డీవీడీ ధ్వనిని 48 కిలోహెర్ట్జ్‌లోనే ఉంచండి. ఆడియో సీడీ రాయాలనుకుంటేనే 44.1కు దించాలి.

పాటలుగా విడగొట్టేటప్పుడు ఒక జాగ్రత్త. కచేరీలో ఒక కీర్తన ముగిసి చప్పట్లు కొనసాగుతుండగానే తర్వాతి రాగం మొదలవుతుంది. ఎంపీ3 ఫైళ్ల మొదట్లో, చివర్లో కాస్త ఖాళీ చేరుతుంది కాబట్టి కొన్ని ప్లేయర్లలో రెండు ట్రాక్‌ల మధ్య చిన్న తెగుదల వినిపిస్తుంది. ఫ్లాక్‌లో ఆ బాధ లేదు. ఏసీ3ను విప్పకుండా కోస్తే 32 మిల్లీసెకన్ల ముక్కల దగ్గర మాత్రమే కోయగలం. చప్పట్ల మధ్యలో కోస్తే అది ఎవరికీ తెలియదు. రాగం, తానం, పల్లవిని మాత్రం నేను విడగొట్టలేదు, ఒకే ఫైలుగా ఉంచాను. త్యాగరాజ పంచరత్న కీర్తనలను రాగాల పేర్లతో నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అని ఐదుగా చేశాను, ఎందుకంటే పాఠం చెప్పేటప్పుడు అక్క ఏదో ఒకటి అడిగి వేయించుకుంటుంది.

పేర్లు పెట్టడం నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. కళాకారుడి చోట పాడినవారి పేరు, కంపోజర్ చోట వాగ్గేయకారుడి పేరు, ఆల్బమ్ చోట ఊరు, సంవత్సరం. ఫ్లాక్‌లో మనకు కావాల్సిన గడులు మనమే చేర్చుకోవచ్చు కాబట్టి రాగం, తాళం, పక్కవాద్యం అని మూడు చేర్చాను. ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రాముతో ఇది ఒకేసారి ఇరవై ఫైళ్లకు చేయొచ్చు. అక్కను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పాటా పది సెకన్లు వినిపిస్తే రాగం చెప్పేది, నేను రాసేవాణ్ని. తెలుగులో రాసిన పేర్లు కారు స్టీరియోలో డబ్బాలుగా కనిపిస్తే పెన్‌డ్రైవ్ ప్రతికి మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోండి.

చట్టం మాట కూడా తెలిసి ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత వాడకానికి న్యాయమైన మేరకు వాడుకోనిస్తుంది. 2012లో చేర్చిన 65ఎ సెక్షన్, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో, కాపీ చేయకుండా డిస్క్‌కు వేసిన తాళం తీస్తే నేరం అంటుంది. కొన్న డిస్క్‌ను మన ఇంట్లో వినడానికి తీసుకోవడం ఒకటి, దాన్ని గ్రూపుల్లో పంచడం మరొకటి. రెండోది చేయకండి. మన ఊరి కార్యక్రమం రికార్డింగైనా పాడినవారికి తమ ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కు ఉంది. నెట్‌లో పెట్టాలనుకుంటే వాళ్లను అడిగి పెట్టండి.

ఏ డిస్క్‌తో మొదలుపెట్టాలి

కొన్న డీవీడీల్లో సమాచారాన్ని ఫ్యాక్టరీలో అచ్చు ఒత్తి ఉంటుంది. అవి కొంతకాలం ఆగగలవు. వీడియో తీసినవాళ్లు రాసిచ్చిన డిస్క్‌లలో సమాచారం ఒక రంగు పూత మీద ఉంటుంది. ఎండ, వేడి ఆ పూతను తినేస్తాయి. కడప వేసవిలో మిద్దె కింది అటక మీద పెట్టిన డిస్క్ ఎంత కాగుతుందో వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి ఇంట్లో రాసిన డిస్క్‌లు ముందు, షాపులో కొన్నవి తర్వాత. నేను దీన్ని తిరగేసి చేశాను, కొన్న పెద్ద కచేరీలతో మొదలుపెట్టాను. నెలన్నర తర్వాత అక్క శిష్యుల డిస్క్‌ల దగ్గరికి వచ్చేసరికి రెండు ఇక చదవడానికి రాలేదు.

వీసీడీలు ఇంకా సున్నితం. వాటిలో వీడియో, ఆడియో ఉన్న భాగానికి మామూలు డేటా సీడీకి ఉండే అదనపు తప్పుల దిద్దుబాటు ఉండదు, ఆ చోటు కూడా బొమ్మకే వాడేశారు. చిన్న గీత పడినా టక్‌మని వినిపిస్తుంది. మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడవండి, గుండ్రంగా తిప్పి తుడవొద్దు. ఒక డ్రైవ్ చదవకపోతే మరో డ్రైవ్‌లో పెట్టండి. డ్రైవ్‌కూ డ్రైవ్‌కూ చదివే శక్తిలో చాలా తేడా ఉంటుంది. పిల్లలంతా కలిసి పాడిన ఒక అన్నమయ్య జయంతి డిస్క్ చివరి పది నిమిషాలు మా ల్యాప్‌టాప్‌లో రాలేదు, కొత్తగా కొన్న యూఎస్‌బీ డ్రైవ్‌లోనూ రాలేదు. ఏడు రోడ్ల దగ్గర స్నేహితుడి ఆఫీసులో మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్ దాన్ని నలభై నిమిషాలు గిరగిరా తిప్పి మొత్తం చదివేసింది.